తగ్గిందని దేన్నిబట్టి అంటున్నాం?



మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచిన నిర్వాహకులకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మగారికి, కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు. ఇక్కడున్న వైద్యుల్లో చాలామంది రౌండ్సులో ఆయన వెనక నడిచినవాళ్ళే. కేస్ షీట్‌లో ‘ఇంప్రూవ్డ్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఆయన ఒప్పుకునేవారు కారు. “ఏం బాగుపడింది? నిద్రా, తిండా, మాటా? ఎవరు చెప్పారు నీకు? నిన్నటితో పోలిస్తేనా, పోయిన నెలతోనా?” అని నిలబెట్టి అడిగేవారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం అన్నిటికన్నా కష్టమైన రుగ్మతను ఇవాళ్టి ప్రసంగానికి ఎంచుకున్నాను. బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత. డాక్టర్లం మాటల్లో బి.పి.డి. అంటాం. దాని తీవ్రతను ఎలా కొలుస్తున్నారు, మార్పును ఎలా గుర్తిస్తున్నారు అన్నదే విషయం. ఇది స్కేళ్ళ గురించిన పొడి చర్చ అనుకోవద్దని మనవి. ఈ జబ్బు నయం కాదని దశాబ్దాలపాటు చలామణీ అయిన తీర్పును కొట్టివేసింది ఏ కొత్త మందూ కాదు, ఏళ్ళ తరబడి ఓపికగా కొలిచినవాళ్ళు. అదే కొలత, మనం చూడాల్సిన మరో సగాన్ని చాలాకాలం చూపించలేదు కూడా. ఈ రెండూ చెప్పాలన్నదే నా ప్రయత్నం.

వైద్యులు కాని శ్రోతల కోసం ముందు జబ్బును పరిచయం చేస్తాను. దగ్గరివాళ్ళు వదిలేసి పోతారేమోనన్న భరించలేని భయం. నిన్న దేవుడిలా కనిపించిన మనిషి ఇవాళ్టికి పగవాడైపోయే అనుబంధాలు. తానెవరో, తనకేం కావాలో తనకే నిలకడగా తెలియకపోవడం. వెనకాముందూ చూడకుండా చేసే పనులు. తనను తాను గాయపరచుకోవడం, చావు ప్రయత్నాలు, బెదిరింపులు. గంటల్లో తలకిందులయ్యే మనసు. ఎప్పుడూ లోపలంతా ఖాళీగా ఉన్నట్టుండటం. ఆపుకోలేని కోపం. ఒత్తిడి మరీ ఎక్కువైనప్పుడు కాసేపు అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించడం, లేదంటే తన ఒళ్ళు తనది కానట్టు అనిపించడం. మొత్తం తొమ్మిది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్ మూడో కూర్పులో ఈ రుగ్మతను మొదటిసారి చేర్చినప్పుడు ఎనిమిదే ఉండేవి. చివరిది 1994 నాటి నాలుగో కూర్పులో వచ్చి చేరింది. తొమ్మిదింటిలో ఏ అయిదు ఉన్నా రోగనిర్ధారణ చేయవచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తొమ్మిదింటిలో అయిదో అంతకన్నా ఎక్కువో ఎన్ని రకాలుగా కలుస్తాయో లెక్క వేస్తే 256 వస్తుంది. చెరి అయిదు లక్షణాలున్న ఇద్దరు పేషెంట్ల మధ్య ఉమ్మడిగా ఒకే ఒక్క లక్షణం ఉండవచ్చు. ఒకరు రోజూ కోపంతో ఇల్లు పీకి పందిరేస్తారు, ఇంకొకరు మూలన ముడుచుకుని కూర్చుని తనను తాను అసహ్యించుకుంటారు. ఇద్దరి కేస్ షీట్ల మీదా ఒకే పేరు. పైగా ఉందా లేదా అని మాత్రమే అడిగే పద్ధతిలో, నెలకోసారి వచ్చే బాధా రోజుకు పదిసార్లు వచ్చే బాధా ఒకే టిక్కు కింద పడిపోతాయి. చికిత్స మొదలయ్యాక పది కాస్తా రెండుకు తగ్గితే ఆ పట్టికకు తెలియదు. అది రోగాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే పట్టిక. బరువు తూచడానికి వేరే సాధనం కావాలి.

ఆ సాధనం రావడానికి చాలా కాలం పట్టింది. అడాల్ఫ్ స్టెర్న్ అనే న్యూయార్క్ మనోవిశ్లేషకుడు 1938లో ‘బోర్డర్ లైన్’ బృందం గురించి వ్యాసం రాశాడు. అటు న్యూరోసిస్‌లోనూ ఇటు సైకోసిస్‌లోనూ ఇమడనివాళ్ళు, సోఫా మీద పడుకోబెట్టి చేసే విశ్లేషణకు లొంగనివాళ్ళు అని. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో ఆ పేరు వాడారు. 1975లో జాన్ గండర్సన్, మార్గరెట్ సింగర్ అప్పటిదాకా వచ్చిన రచనలన్నీ జల్లెడపట్టి, పదిమంది పది రకాలుగా వర్ణిస్తున్నదాంట్లో నిలకడగా కనిపిస్తున్నవేమిటో తేల్చారు. 1981లో గండర్సన్ బృందం ఒక ఇంటర్వ్యూను తయారుచేసింది. ఏ ప్రశ్న ఎలా అడగాలి, ఏ జవాబుకు ఎంత మార్కు వేయాలి అన్నదంతా రాసిపెట్టారు. మేరీ జనారిని 1989లో దాన్ని సవరించారు. వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు డాక్టర్లు ఒకే పేషెంటును చూసి ఒకే మాట అనగలిగే స్థితి వచ్చాకే, కొన్నేళ్ళ తర్వాత అదే మనిషిని మళ్ళీ చూసి ‘ఇప్పుడు ఆ జబ్బు లేదు’ అనగలిగే స్థితి కూడా వచ్చింది.

అప్పటిదాకా వైద్యులలో ఉన్న అభిప్రాయం ఎలాంటిదో ఈ సభలో పెద్దవాళ్ళకు తెలుసు. వ్యక్తిత్వమే వంకర కాబట్టి మారదు అనేవారు. వార్డులో ఆ పేషెంటు పేరు వినగానే మొహం చిట్లించేవారు. “నాటకం” అనేవారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. మనిషి చర్మం కింద అంత మంట పెట్టుకుని మన ఎదురుగా కూర్చుంటే, దాన్ని తూచే సాధనం మన చేతిలో లేక, అసలు బరువే లేదనేశాం.

1992లో బోస్టన్ శివారు బెల్మాంట్‌లోని మెక్లీన్ ఆసుపత్రిలో జనారిని ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో చేరిన బి.పి.డి. పేషెంట్లు 290 మంది, పోల్చి చూడటానికి ఇతర వ్యక్తిత్వ రుగ్మతలున్నవారు 72 మంది. రెండేళ్ళకోసారి ప్రతివారినీ వెతికి పట్టుకుని, పాత రోగనిర్ధారణ ఏమిటో తెలియని ఇంటర్వ్యూయరు చేత అవే ప్రశ్నలు మళ్ళీ అడిగించారు. పదేళ్ళు గడిచేసరికి 93 శాతం మందిలో, కనీసం రెండేళ్ళపాటు ఆగకుండా, రోగనిర్ధారణకు సరిపడా లక్షణాలు లేవు. నాలుగేళ్ళు నిలిచిన ఉపశమనం 86 శాతం మందికి దక్కింది. వీళ్ళు స్వల్పంగా బాధపడుతున్న బయటి పేషెంట్లు కాదు, ఆసుపత్రిలో మంచం అవసరమైనంత తీవ్రంగా ఉన్నవాళ్ళు. ‘మారదు’ అన్న మాటను ఇంత నిండుగా తోసిపుచ్చిన అంకెలు మానసిక వైద్యంలో అరుదు. అమెరికాలోనే పలు కేంద్రాలు కలిసి చేసిన మరో అధ్యయనం పదేళ్ళ ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాదిపాటు నిలిచిన ఉపశమనాన్ని లెక్కలోకి తీసుకుంటే అక్కడ 85 శాతం. రెండు బృందాలు, వేర్వేరు ఇంటర్వ్యూలు, దాదాపు ఒకే దిక్కు చూపించాయి. పేషెంటు తల్లిదండ్రులు “ఇది ఎప్పటికీ ఇంతేనా డాక్టరుగారూ?” అని అడిగినప్పుడు, ఇవాళ మనం ధైర్యంగా ‘కాదండీ’ అనగలుగుతున్నామంటే ఆ ధైర్యం ఆ ఇంటర్వ్యూల పుణ్యమే.

అయితే పదేళ్ళకు ఏమవుతుందన్నది ఒక ప్రశ్న. ఈ నెల మొదలుపెట్టిన చికిత్స వచ్చే నెలకు పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి ఆ పెద్ద ఇంటర్వ్యూ అక్కరకు రాదు, ఎందుకంటే అది గత రెండేళ్ళ జీవితాన్ని అడుగుతుంది. ఈ రంగంలో ఏ సాధనాన్ని చేతిలోకి తీసుకున్నా ముందు చూడాల్సింది అది ఎంత కాలాన్ని అడుగుతోందన్నదే. నెదర్లాండ్స్‌లో ఆర్నౌడ్ ఆర్ంట్జ్ బృందం రూపొందించిన 70 అంశాల తీవ్రతా సూచిక గత మూడు నెలలను అడుగుతుంది. అయోవా విశ్వవిద్యాలయంలో తయారైన 15 ప్రశ్నల ‘బెస్ట్’ గత నెలను అడుగుతుంది. జనారిని 2003లో ప్రకటించిన స్కేలు, జర్మనీలో మార్టిన్ బోహుస్ బృందం 2009లో కుదించిన 23 ప్రశ్నల జాబితా, ఈ రెండూ గత వారాన్ని అడుగుతాయి. మార్షా లైనెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సలో పేషెంటు రోజూ రాత్రి నింపే డైరీ కార్డుది ఒక్క రోజే. ఆఖరికి, 2007లో ప్రచురితమైన ఒక జర్మన్ పరిశోధనలో చేతిలో ఇమిడే యంత్రం ఇరవై నాలుగు గంటలపాటు దాదాపు పావుగంటకోసారి మోగి “ఇప్పుడెలా ఉంది?” అని అడిగింది. రెండేళ్ళ నుంచి పావుగంట దాకా. ఒకే మనిషిని వీటన్నిటితో కొలిస్తే అన్నీ నిజమే చెబుతాయి, కాని ఒకే సంగతి చెప్పవు.

వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్న జనారిని స్కేలును కొంచెం విప్పి చూపిస్తాను. శిక్షణ పొందినవారు పేషెంటును కూర్చోబెట్టుకుని అడగాలి. తొమ్మిది లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా, మొత్తం 36. ఎంత తరచుగా వచ్చింది, వచ్చినప్పుడు ఎంత తీవ్రంగా ఉంది అన్న రెండూ చూసి మార్కు వేస్తారు. భావోద్వేగాలు, ఆలోచన, ఆవేశపు చేతలు, అనుబంధాలు అని నాలుగు భాగాలుగా కూడా విడదీసి చూడవచ్చు. ఆ విడదీత చాలా విలువైనదని నా నమ్మకం. ఎందుకంటే మొత్తం స్కోరు మోసం చేస్తుంది. కోపం, ఖాళీతనం, మనసు ఊగిసలాట, ఈ మూడింటికీ 4 చొప్పున వచ్చిన మనిషికి 12. ఆత్మహానికి 4, ఆవేశపు పనులకు 4, వదిలేస్తారన్న భయానికి 4 వచ్చిన మనిషికీ 12. రెండో మనిషిని ఆ రాత్రి ఇంటికి పంపాలా వద్దా అని మనం ఆలోచించాలి. అంకె మాత్రం ఇద్దరినీ ఒకే గాట కట్టేసింది. మొత్తాన్ని పేపర్లలో ప్రచురించండి, చికిత్స చేసేటప్పుడు మాత్రం తొమ్మిది అంకెలూ విడివిడిగా చదవండి అని మా పీజీలకు చెబుతుంటాను.

బోహుస్ జాబితా తీరు వేరు. అది పేషెంటు తనంతట తాను నింపుకునేది. అందులో ఒంటరితనం, సిగ్గు, తన మీద తనకున్న అసహ్యం, చచ్చిపోవాలన్న కోరిక వంటివాటికి పెద్దపీట వేశారు. బయటివాళ్ళను ఇబ్బంది పెట్టే ప్రవర్తన కన్నా లోపలి నరకం మీద దృష్టి పెట్టిన జాబితా అది. తనను తాను గాయపరచుకోవడం లాంటి చేతలకు విడిగా ఒక అనుబంధం ఉంది, ఆ వారం మొత్తమ్మీద ఎలా ఉందో సున్నా నుంచి నూరు దాకా గుర్తుపెట్టే గీత కూడా ఉంది. సగటును బట్టి తీవ్రతను ఆరు మెట్లుగా విడదీసే పద్ధతి 2020లో వచ్చింది. అయోవావారి ‘బెస్ట్’లో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. అందులో చివరి మూడు ప్రశ్నలు పేషెంటు చేసిన మంచి పనులను అడుగుతాయి, ఆ మార్కులను మొత్తంలోంచి తీసేస్తారు. కష్టం వచ్చినప్పుడు తట్టుకోవడానికి ఏదైనా చేసి ఉంటే అది కూడా లెక్కకు వస్తుందన్నమాట. ఒకరి బాధల చిట్టా రాస్తూ వాళ్ళ ప్రయత్నాన్ని వదిలేయకపోవడం న్యాయం.

ఇక మార్పు. పోయినసారి 18, ఈసారి 16. తగ్గినట్టా? ఏ స్కేలుకైనా కొంత సొంత ఊగు ఉంటుంది. ఏ మార్పూ లేని మనిషిని రెండుసార్లు కొలిచినా అంకె అటూ ఇటూ అవుతుంది. ఆ ఊగును దాటి నిజంగా కదిలిందని ఎప్పుడు అనాలో 1991లో జేకబ్సన్, ట్రూఆక్స్ ఒక గణిత పద్ధతి ఇచ్చారు. డచ్ సూచికలో 2006 నాటి, స్కీమా అనే మాటల చికిత్స ప్రయోగం వాడిన ప్రమాణం ప్రకారం, తొంభైలో 11.7 పాయింట్లయినా తగ్గితేనే అది నమ్మదగ్గ మార్పు. పదిహేను లోపుకు వస్తే కోలుకున్నట్టు. మాటల చికిత్సల మీద 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, జనారిని స్కేలు మీద కనీసం 3 పాయింట్లు తగ్గితే పేషెంటుకు తేడా తెలిసేంత మార్పుగా తీసుకుంది. మామూలు చికిత్సతో పోల్చినప్పుడు ప్రత్యేకమైన మాటల చికిత్సలు సగటున 3.6 పాయింట్ల మేర ఎక్కువ తగ్గించాయని తేల్చింది. గీత దాటిన ఫలితమే, సంతోషించాల్సిందే. మరీ పైకి దాటలేదని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఈ రుగ్మతలో దీనికి తోడు ఇంకో కష్టం ఉంది, ఇది మిగతా జబ్బుల్లో ఇంతగా కనిపించదు. ఇక్కడ ఊగిసలాటే జబ్బు. మామూలుగా కొలతకు అడ్డంపడే ఊగును పక్కకు తోసేసి సగటు తీసుకుంటాం. బి.పి.డి.లో అలా తోసేసినదాంట్లోనే రోగం పోతుంది. భద్రాచలం దగ్గర గోదావరి ఏడాది సగటు నీటిమట్టం ఎంతో చెబితే, ఏ రాత్రి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిందో తెలియదు కదా. అలాగే ‘ఈ వారం సగటున మనసు ఫరవాలేదు’ అన్న జవాబులో మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఒక ఫోను కాల్ తర్వాత ఆరింటి దాకా జరిగిందేమీ కనిపించదు. ఆ రెండు గంటలే ప్రాణం మీదికి వచ్చినవి. ఇందాక చెప్పిన జర్మన్ పరిశోధనలో 50 మంది పేషెంట్లను, 50 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. పేషెంట్లలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది ఒక క్షణానికీ మరుసటి క్షణానికీ మధ్య ఎంత దూకుతోందన్నదాంట్లో. బాగా సంతోషంగా ఉన్న స్థితి నుంచి ఉన్నట్టుండి పడిపోవడం వాళ్ళలో ఎక్కువ. మరో సంగతి, గతాన్ని గుర్తు చేసుకుని ప్రశ్నావళిలో రాసే ఊగిసలాటకూ, అప్పటికప్పుడు నమోదైన ఊగిసలాటకూ పొంతన అంతంత మాత్రమేనని తర్వాతి పరిశోధనలు చూపించాయి. పేషెంట్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇవాళ్టి మనఃస్థితి నిన్నటి జ్ఞాపకానికి రంగు వేస్తుంది, ఈ జబ్బులో ఆ రంగు మరీ చిక్కన. నీరసంగా ఉన్న పూట నింపిన కాగితంలో వారమంతా చీకటి.

కొలత మనల్ని ఎలా కాపాడుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. బి.పి.డి.లో మనసు ఊగిసలాటకు లామోట్రిజిన్ అనే మందు పనిచేస్తుందని కొన్ని చిన్న ప్రయోగాలు ఆశపెట్టాయి. బైపోలార్ రుగ్మతలో వాడే మందు కనుక ఇక్కడా పనిచేస్తుందనుకోవడం సహజం. ఇంగ్లండ్‌లో మైక్ క్రాఫర్డ్ బృందం 276 మందిని తీసుకుని సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చి ఏడాదిపాటు జనారిని స్కేలుతో కొలిచింది. 2018లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళ సగటు 11.3, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళది 11.5. తేడా లేనట్టే. గమనించాల్సింది ఏమిటంటే, మొదటి పన్నెండు వారాల్లోనే రెండు గుంపుల్లోనూ స్కోరు చెప్పుకోదగ్గంతగా తగ్గింది. రెండో గుంపే లేకపోతే ఆ మందును వాడిన ప్రతి డాక్టరూ తన కళ్ళతో చూసిన మెరుగుదలను మందు ఖాతాలో వేసేవాడు. కోపంతో, ఏడుపుతో, చావు ప్రయత్నంతో, అంటే అల బాగా ఎత్తున లేచినప్పుడే మనిషి ఆసుపత్రికి వస్తాడు. ఏమీ చేయకపోయినా కొన్నాళ్ళకు ఆ అల దిగుతుంది. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా ఫోన్ చేసి “ఎలా ఉన్నావమ్మా?” అని ఓపికగా అడగడం కూడా మందే. మన ఓపీల్లో ఈ రోగనిర్ధారణ ఉన్న పిల్లల చేతుల్లో నాలుగైదు రకాల మాత్రల చీటీలు కనిపిస్తున్నాయి. ప్రతి మందూ ఏదో ఒక అల దిగుతున్నప్పుడు ‘పనిచేసింది’ అనిపించుకుని, ఆపే ధైర్యం ఎవరికీ లేక అలా ఉండిపోయింది. మొదలుపెట్టిన రోజు స్కోరు, మూడు నెలల తర్వాత స్కోరు రాసి ఉంటే, వాటిలో సగం ఆపడానికి ఆధారం దొరికేది.

ఇప్పుడు రెండో సగానికి వస్తాను. దేన్ని కొలిస్తే దానికే ఫలితం కనిపిస్తుంది. లైనెహాన్ 1991లో ప్రచురించిన తొలి ప్రయోగంలో ఏడాది చికిత్స తర్వాత ఆత్మహాని ఘటనలు మామూలు చికిత్స పొందినవాళ్ళకన్నా తగ్గాయి, ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి. దిగులు, నిరాశ, చావు ఆలోచనల విషయంలో మాత్రం రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ప్రాణం నిలబెట్టడమే మొదటి పని అనుకున్న చికిత్స అది, ఆ పని చేసింది. గాయాలు ఆగాయి కనుక మనిషి హాయిగా ఉందనుకుంటే మాత్రం పొరపాటు. లైనెహాన్ తానే పదిహేడేళ్ళ వయసులో హార్ట్‌ఫర్డ్‌లోని ఆసుపత్రిలో బందీగా గడిపిన మనిషినని 2011లో బహిరంగంగా చెప్పారు. ఆమెకు ఈ తేడా పుస్తకాల్లోంచి తెలిసింది కాదు.

మెక్లీన్ అంకెలకు కూడా రెండో వైపు ఉంది. పదేళ్ళలో 93 శాతానికి లక్షణాలు ఉపశమించాయి అన్నాను. అదే పేషెంట్లలో కోలుకున్నవారు ఎందరని అడిగారు. కోలుకోవడమంటే లక్షణాలు లేకపోవడంతోపాటు, మనసు విప్పి చెప్పుకోగల స్నేహితుడో భాగస్వామో కనీసం ఒకరు ఉండటం, నిలకడగా పూర్తికాలం ఉద్యోగమో చదువో ఉండటం. ఆ కొలతకు నిలబడ్డవారు 50 శాతం. టొరంటోలో షెల్లీ మెక్‌మెయిన్ బృందం 180 మందితో చేసిన ప్రయోగంలో డీబీటీకీ, పద్ధతి ప్రకారం చేసిన సాధారణ మానసిక వైద్యానికీ తేడా లేకుండా రెండూ బాగా పనిచేశాయి, చికిత్స ముగిశాక రెండేళ్ళు కూడా ఆ మెరుగు నిలిచింది. కానీ అప్పటికి 53 శాతం మందికి ఉద్యోగమూ లేదు, చదువూ లేదు. 39 శాతం మంది వైకల్య భృతి మీద ఉన్నారు. లక్షణాల్లో కూడా అన్నీ ఒకే వేగంతో తగ్గవని జనారిని చూపించారు. ఆత్మహాని, కాసేపటి భ్రమల్లాంటివి ముందు పోతాయి. కోపం, ఖాళీతనం, ఒంటరితనాన్ని తట్టుకోలేకపోవడం, వదిలేస్తారన్న భయం ఏళ్ళ తరబడి వెనకే ఉంటాయి. చూసేవాళ్ళను కంగారుపెట్టేవి ముందు పోయి, అనుభవించేవాళ్ళను తినేసేవి మిగులుతాయన్నమాట. కంగారు తగ్గగానే ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు తమ పని అయిపోయిందనుకుంటారు. పేషెంటుకు అసలు సాయం కావాల్సింది అప్పుడే.

అంకెల్లోకి రాని మరో గుంపు కూడా ఉంది. మెక్లీన్ అధ్యయనంలో 24 ఏళ్ళు గడిచేసరికి బి.పి.డి. పేషెంట్లలో 5.9 శాతం ఆత్మహత్య చేసుకున్నారు, 14 శాతం ఇతర కారణాలతో చనిపోయారు. పోలికకు తీసుకున్న గుంపులో ఇవి 1.4, 5.5. ఇంకా కోలుకోనివాళ్ళలోనే ఈ అకాల మరణాలు ఎక్కువ. ఎన్నేళ్ళ సగటు చెప్పినా అది బతికి ఉండి జవాబు చెప్పినవాళ్ళ సగటు అని పక్కన రాసి ఉండాలి. ఆ ఇతర కారణాలతో పోయినవాళ్ళ గురించి మనం మాట్లాడుకోవడం లేదు. షుగరు, గుండె, ఊబకాయం, సిగరెట్లు ఈ పేషెంట్లలో ఎవరూ పట్టించుకోని సంగతులు. మానసిక వైద్యుడి గదిలో బీపీ మిషను ఉండాలి.

ఈ స్కేళ్ళు మన దగ్గర వాడేటప్పుడు నేను చూస్తున్న కొన్ని చిక్కులు చెబుతాను. ఆవేశపు చేతల ప్రశ్నలో విచ్చలవిడి ఖర్చు, వేగంగా బండి నడపడం, మద్యం, లైంగిక సంబంధాలు ఉంటాయి. తెలుగింట్లో ఇరవై ఏళ్ళ ఆడపిల్లకు చాలాచోట్ల చేతిలో డబ్బు ఉండదు, బండి ఉండదు, ఒంటరిగా గుమ్మం దాటే వీలుండదు. ఆ ప్రశ్నకు సున్నా వస్తుంది. అది ఆవేశం లేదని చెప్పే సున్నా కాదు, అవకాశం లేదని చెప్పే సున్నా. అదే అమ్మాయి అన్నం మానేయడం, రాత్రంతా వందల మెసేజీలు పెట్టడం, చేతికందింది విసరడం అడిగితేనే బయటపడతాయి. హాస్టలుకో, ఎమ్మెస్‌కు డాలస్‌కో వెళ్ళాక ఆ స్కోరు ఒక్కసారిగా పెరిగితే జబ్బు ముదిరిందని కంగారుపడతాం. పెరిగింది జబ్బో, అవకాశమో విడదీసి చూడాలి. వార్డులో చేర్చగానే స్కోరు తగ్గడం కూడా ఇలాంటిదే. అక్కడ గాయపరచుకోవడానికి వస్తువు దొరకదు. మంచం ఖాళీ చేయించే ముందు ఆ అంకెను చూసి నమ్మకూడదు.

మగపిల్లల విషయంలో తలకిందులు. తాగి గొడవపడితే వ్యసనం అంటాం, కొడితే దుడుకు అంటాం, వదిలేస్తారేమోనన్న భయం గురించి అసలు అడగం. ఎవరు అడుగుతున్నారు, పక్కన ఎవరున్నారు అన్నది మరో సమస్య. ఓపీలో తల్లి, తండ్రి, పెద్దనాన్న వరసగా కూర్చుంటారు. “మీ దగ్గరివాళ్ళ మీద అభిప్రాయం తరచూ మారుతుందా?” అని ఆ దగ్గరివాళ్ళ ముందే అడిగి రాసుకున్న మార్కుకు విలువేముంది? పేషెంటును ఒంటరిగా అడగండి. ఇంట్లోవాళ్ళను విడిగా అడగండి. రెండూ కలవకపోతే ఏదో ఒకటి కొట్టేయకుండా రెండూ రాసుకోండి.

ఆత్మహాని ప్రశ్నకు మన దేశంలో ఇంకో భయం అడ్డుపడుతుంది. క్యాజువాలిటీకి రాగానే ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు), పోలీసు అన్న మాట వినిపిస్తే, “పొరపాటున మింగింది సార్” అని తండ్రి చేతులు జోడిస్తాడు. ఆ పొరపాటు కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది, మన స్కేల్లో ఆ వారానికి సున్నా పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప విచారించి శిక్షించకూడదు. వాళ్ళకు సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అందులోనే ఉంది. ఈ సంగతి మనం ముందే, ప్రశ్న అడగక ముందే, వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. అప్పుడు వచ్చే జవాబునే కొలత అనవచ్చు. రాత్రివేళ మాట్లాడే మనిషి కావాలంటే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చని అదే కాగితం మీద రాసివ్వండి.

2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వ్యాధుల వర్గీకరణ, వ్యక్తిత్వ రుగ్మతల్లో మొదట స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని తేల్చమంటోంది. బోర్డర్‌లైన్ అన్నది ఆ తర్వాత జత చేసే వివరణ. అంటే తీవ్రత అంచనా ఇకమీదట పరిశోధకుల ఇష్టం కాదు, రోగనిర్ధారణలోనే భాగం. జిల్లా ఆసుపత్రి డాక్టరు కూడా ఆ పని చేయక తప్పదు.

రద్దీ ఓపీలో ఇదంతా సాధ్యమా అంటారు. గంట పట్టే ఇంటర్వ్యూ సాధ్యం కాదు. వారం కాలాన్ని అడిగే తొమ్మిది ప్రశ్నలు సాధ్యమే. మొదటిసారి అలజడి ఎక్కువగా ఉన్నప్పుడు ఒకసారి, రెండు వారాలకు అల కొంచెం దిగాక మళ్ళీ ఒకసారి అడిగి, ఆ రెండో అంకెను ఆరంభంగా పెట్టుకోవాలి. ఆపైన మూడు నెలలకోసారి, అడిగే మనిషి మారకుండా. చావు ఆలోచన మాత్రం ఈ లెక్కతో పని లేకుండా వచ్చిన ప్రతిసారీ అడగాలి. స్కేలు పక్కనే పేషెంటే రాసే నాలుగు గడులు ఉండాలి: ఈ నెల పనికో కాలేజీకో వెళ్ళిన రోజులెన్ని, నిజం చెప్పుకోగల మనిషి ఎవరైనా ఉన్నారా, నిద్ర ఎలా ఉంది, తనకు ముఖ్యమనిపించిన ఒక పని ఎంతవరకు వచ్చింది. ఆ నాలుగోది ఏమిటో మనం చెప్పకూడదు. ఒకరికి అది బీటెక్ సప్లిమెంటరీ కావచ్చు, మరొకరికి పెళ్ళిభోజనంలో పదిమంది మధ్య కూర్చోగలగడం కావచ్చు. రానివాళ్ళకు ఫోన్ చేయాలి, ఎందుకంటే మానేసినవాళ్ళు బాగుపడి మానేశారో ఆశ వదులుకుని మానేశారో అడిగితే తప్ప తెలియదు. ఈ కాగితం ఒక ప్రతి పేషెంటు చేతిలో ఉండాలి. స్కోరు మళ్ళీ పెరిగిన నెలలో, కింద పడ్డానన్న నిరాశతో వచ్చినప్పుడు, ఏడాది కిందటి తన అంకెలను తన చేతిరాత పక్కనే పెట్టి చూసుకునే హక్కు మనకన్నా ముందు ఆ మనిషిది.